విజిల్ మోగిన తర్వాత పడే దెబ్బ

ప్రతి ఏటా వార్షికోత్సవానికి ముందు మన హాస్టల్లో ఆటల పోటీలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, పాటల పోటీలు ఎంత బాగా జరిగినా అందరూ ఎదురుచూసేది కబడ్డీ కోసమే. అందులోనూ ఆత్మకూరు హాస్టల్ పిల్లలు బస్సు దిగి ఉదయగిరి పిల్లలతో తలపడే రోజున వంటమనిషి కూడా గరిటె పక్కన పెట్టి గ్రౌండు దగ్గరికి వస్తుంది. మేము ఈ హాస్టల్లో చదువుకుని వెళ్లిన పాత విద్యార్థులం. ఒకప్పుడు ఆ బరిలో ఆడినవాళ్లం. ఇప్పుడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, పెద్దవాళ్లయ్యారు గదా అని విజిల్ మా చేతిలో పెడుతున్నారు. ఆడే రోజుల్లో రెఫరీని తిట్టడం మాకు చాలా సులభంగా ఉండేది. విజిల్ నోట్లో పెట్టుకున్నాక గానీ అందులోని కష్టం తెలియలేదు.

ఈ సంచికలో ఒకే ఒక్క విషయం మీద మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం. ఒంటికి ఒళ్లు తగలకుండా జరగని ఆటలో, ఏ తాకిడిని ఆటగా వదిలెయ్యాలి? దేనికి విజిల్ ఊది శిక్ష వెయ్యాలి? మా మాట ముందే చెప్పేస్తాం. కూత నడుస్తున్నంతసేపూ పట్టు ఎంత గట్టిదైనా నియమం దాటనంతవరకు ఆడనివ్వాలి. విజిల్ మోగిన తర్వాత తగిలిన చెయ్యి, మోకాలు, మోచెయ్యి ఎంత చిన్నదైనా ఆట కాదు. దానికి మొదటిసారే, మొదటి నిమిషంలోనే అయినా సరే, శిక్ష వెయ్యాలి. దీన్ని ఒప్పుకోని అన్నలు మాలోనే ఉన్నారు. వాళ్లతో వాదించీ వాదించీ ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

"చెడుగుడు అంటేనే మొరటాట. దెబ్బ తగలకూడదంటే క్యారమ్స్ ఆడుకోమను" అనేది వాళ్ల వాదన. ఇందులో కొంత నిజం ఉంది. కబడ్డీలో తాకకుండా ఆట లేదు. కూతకు వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకోవాలి, నడుము వాటేసుకోవాలి, నలుగురు కలిసి మీద పడాలి. ఇదే పని బాస్కెట్‌బాల్ కోర్టులో చేస్తే బయటికి పంపేస్తారు. కానీ మొరటుగా కనిపించే ఈ ఆటకు నియమాలు లేవనుకోవడం పొరపాటు. రైడర్‌ను చేతులు, కాళ్లు, మొండెం దగ్గర పట్టుకోవచ్చు. జుట్టు పట్టి గానీ బట్టలు పట్టి గానీ లాగకూడదు. నోరు మూసి, గొంతు నొక్కి కూత ఆపించకూడదు. రెండు కాళ్ల మధ్య కత్తెర వేసి పడగొట్టకూడదు. గాయమయ్యేటట్టు పట్టకూడదు. ఇలా చేసి ఆపితే ఆ పట్టు చెల్లదు, రైడర్ అవుటు కాడు. అంతటితో ఆగకపోతే రెఫరీ ఎదుటి జట్టుకు టెక్నికల్ పాయింటు ఇవ్వవచ్చు. ఆకుపచ్చ కార్డు చూపి హెచ్చరించవచ్చు, పసుపు కార్డుతో 2 నిమిషాలు బయట కూర్చోబెట్టవచ్చు, ఎరుపు కార్డుతో ఇక ఆ మ్యాచ్‌లో అడుగు పెట్టకుండా చెయ్యవచ్చు. గోళ్లు కత్తిరించుకుని రావాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు అనేవి కూడా నియమాలే. (హాస్టల్లో కొబ్బరినూనె సరిగ్గా మ్యాచ్ రోజునే ఎందుకు అయిపోతుందో మా వార్డెన్ సారుకు చివరిదాకా అర్థం కాలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.)

ఆడపిల్లల హాస్టళ్ల మ్యాచ్‌లకు వెళ్లినప్పుడు ఈ జుట్టు నియమం ఎంత అవసరమో మాకు తెలిసింది. జడ చేతికి అందేటట్టు ఉంటుంది, పరుగెత్తే పిల్లను ఆపడానికి అంతకంటే సులువైన దారి లేదు. అక్కడ రెఫరీ ఒక్కసారి చూడనట్టు ఊరుకుంటే తర్వాత మ్యాచ్ అంతా జడల మీదే నడుస్తుంది.

మాలో కొందరు గురుకులాల్లో, కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఆడారు. ఆ ఆటను అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో కనిపెట్టారు. ఆయన రాసుకున్న నియమాలు 13. పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం తప్పు అని అందులోనే ఉంది. మొదటిసారి చేస్తే ఫౌలు. రెండోసారి చేస్తే తర్వాతి గోలు పడేదాకా బయట. గాయపరచాలనే ఉద్దేశం కనిపిస్తే మ్యాచ్ మొత్తానికీ బయటే, బదులుగా ఇంకొకరిని దించడానికి కూడా వీల్లేదు. అంటే ఆట పుట్టినప్పుడే తాకిడికీ, గాయపరచాలన్న బుద్ధికీ వేర్వేరు శిక్షలు పెట్టారన్నమాట.

ఇప్పటి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ నియమాల్లో టెక్నికల్ ఫౌలు అంటే తాకిడి లేని తప్పు. రెఫరీతో అమర్యాదగా మాట్లాడటం, కావాలని ఆట ఆలస్యం చెయ్యడం, ఫౌలు జరిగినట్టు నటించి పడిపోవడం వంటివి. తాకిడికి పర్సనల్ ఫౌలు వేరే ఉంది, అది హద్దు మీరితే ఇంకా పెద్ద శిక్షలు ఉన్నాయి. అమెరికా కాలేజీల ఆటలో మాత్రం బంతి ఆగిపోయిన తర్వాత అనవసరంగా తోస్తే దాన్ని టెక్నికల్ ఫౌలుగా లెక్కిస్తారు. పేర్లు వేరైనా రెండు చోట్లా రెఫరీ అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఈ చెయ్యి బంతి కోసం వెళ్లిందా, మనిషి కోసం వెళ్లిందా? ఆట నడుస్తుంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఆట ఆగిపోయాక అసలు అనుమానమే ఉండదు, అక్కడ గెలుచుకోవడానికి ఏమీ లేదు గనుక.

2004 నవంబరు 19న అమెరికాలో ఇండియానా పేసర్స్, డెట్రాయిట్ పిస్టన్స్ జట్ల మధ్య మ్యాచ్‌లో జరిగింది ఇదే. ఆట ముగియడానికి 45.9 సెకన్లు ఉంది. ఇండియానా 15 పాయింట్లు ముందుంది, ఫలితం ఎప్పుడో తేలిపోయింది. బంతి వెయ్యబోతున్న బెన్ వాలెస్‌ను రాన్ ఆర్టెస్ట్ గట్టిగా ఫౌలు చేశాడు. రెఫరీ విజిల్ ఊదాడు. దాంతో అయిపోవలసిన విషయం. విజిల్ తర్వాత వాలెస్ రెండు చేతులతో ఆర్టెస్ట్‌ను తోశాడు. తోపులాట మొదలైంది, జనంలోంచి ఎవరో కప్పు విసిరారు, ఆటగాళ్లు ప్రేక్షకుల మీదికి ఎక్కారు. చివరికి 9 మంది ఆటగాళ్ల మీద మొత్తం 146 మ్యాచ్‌ల నిషేధం పడింది. కోట్ల రూపాయలు తీసుకునేవాళ్లే విజిల్ తర్వాత చేతులు ఆపుకోలేకపోతే, తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆపుకుంటాడని మనం ఎలా అనుకుంటాం?

ఇక మా సంగతి. గొప్పలు చెప్పుకునే సంగతి కాదు గనుక ఇన్నేళ్లుగా ఎవరమూ రాయలేదు.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు ఆత్మకూరు పిల్లలతో మ్యాచ్ జరిగింది. ఆ రోజు విజిల్ పట్టిన పెద్దమనిషి చాలా మంచివాడు. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనివాడు. మొదటి పది నిమిషాల్లో మేము రెండుసార్లు, రైడర్ అవుటని విజిల్ వినపడిన తర్వాత కూడా వాడి ముఖాన్ని మట్టిలోకి నొక్కి పట్టాం. ఆయన చూశాడు. "చాల్లే అబ్బాయా, లెయ్" అన్నాడే తప్ప పాయింటు ఇవ్వలేదు, హెచ్చరించలేదు. ఆ మాటతో మాకు ఒక విషయం అర్థమైంది. ఈ రోజు ఇది చెల్లుతుంది. గ్రౌండు చుట్టూ ఉన్న మన పిల్లలు ఈలలు వేశారు. ఆత్మకూరు పిల్లలకు కూడా అర్థమైంది, వాళ్లూ మొదలుపెట్టారు. రెండో సగంలో వాళ్ల రైడర్ ఒకడు మాకు చిక్కాడు. గీత అందలేదు, విజిల్ మోగింది, అందరం వదిలేశాం. మాలో ఒకడు మాత్రం అప్పుడు వాడి భుజం మీద మోకాలితో పడ్డాడు. చప్పుడు మాకు వినపడింది.

కాలర్ ఎముక విరిగింది. ఆ పిల్లవాడిని ముందు ఉదయగిరి ఆసుపత్రికి, అక్కడినుంచి నెల్లూరుకి తీసుకువెళ్లారు. కూలి పనులకు పోయే తండ్రి పని మానుకుని వారం రోజులు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత మేము కొందరం ఆత్మకూరు వెళ్లి చూశాం. హాస్టల్లో కంచం ముందు కూర్చుని, కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంటే, ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి కోప్పడలేదు. "పరీక్షలకు చెయ్యి బాగైపోద్దంట" అని మాత్రం అన్నాడు. పదో తరగతి పిల్లవాడికి ఆ మాట ఎంత పెద్దదో ఈ సంచిక చదివేవాళ్లకు చెప్పనవసరం లేదు. మనం హాస్టల్లో చేరింది ఆ పరీక్ష కోసం. ఇంటిదగ్గర పొలమో, దుకాణమో ఉన్న పిల్లవాడికి ఒక ఏడాది పోతే ఏడాదే పోతుంది. మన పిల్లలకు ఏడాది పోతే చాలాసార్లు చదువే పోతుంది. వాడి చెయ్యి మార్చికి బాగైంది, పరీక్ష రాశాడు. బాగవకపోయి ఉంటే అన్న ఆలోచన మాలో ఆ మోకాలు మోపినవాడిని ఇప్పటికీ వదల్లేదు.

తప్పు మాదే. రెఫరీ మీదికి నెట్టడం లేదు. కానీ మొదటిసారి ముఖం మట్టిలో నొక్కినప్పుడే ఒక టెక్నికల్ పాయింటు పోయి ఉంటే, మా కెప్టెనే మమ్మల్ని తిట్టి ఆపేవాడు. రెండు పాయింట్ల తేడాతో నడుస్తున్న మ్యాచ్‌లో పాయింటు పోగొట్టినవాడిని సొంత జట్టు క్షమించదు. రెఫరీ మాటకంటే ఆ భయం గట్టిగా పనిచేస్తుంది.

"ఏందన్నా, మొదట్లోనే ఊదేస్తే పిల్లలు జంకి ఆడలేరు. కొంచెం ఆడనిచ్చి, శృతి మించితే అప్పుడు చూడొచ్చు గదా" అని మొన్న ఒక మిత్రుడు అన్నాడు. మా అనుభవం దీనికి తలకిందులుగా ఉంది. పిల్లలు మొదటి ఐదు నిమిషాలు ఎదుటి జట్టునే కాదు, రెఫరీని కూడా కొలుస్తారు. ఎంతవరకు పోవచ్చో చూసుకుంటారు. ఆ గీత ఎక్కడుందో అప్పుడే చూపిస్తే మిగతా ఆట హాయిగా సాగుతుంది. చివరి ఐదు నిమిషాల్లో, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు హఠాత్తుగా నియమం గుర్తొచ్చి ఊదితే, అప్పుడే గొడవలు. ఎదురుగా ఉన్న ఈ కొండమీది కోటను పట్టడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి పట్టిందని చదువుకున్నాం. రెఫరీకి ఉండేది ముప్పై, నలభై నిమిషాలే. నిదానంగా పట్టు సాధిద్దామంటే కుదరదు.

ఇంకో సంగతి నేల. 2014లో ప్రో కబడ్డీ మొదలైన తర్వాత మన పిల్లలు టీవీలో ఆట చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. మేము పేరు కూడా వినని యాంకిల్ హోల్డులు, బ్లాకులు ఏడో తరగతి పిల్లలు వేస్తుంటే ముచ్చటేస్తుంది. కానీ వాళ్లు ఆడేది మ్యాట్ మీద, పక్కనే వైద్యుడు ఉంటాడు. మన గ్రౌండులో గులకరాళ్లు ఏరి పారేసినా మళ్లీ వానకు పైకి తేలతాయి. అక్కడ పడి లేచి దులుపుకునే పట్టు ఇక్కడ మోకాలి చిప్ప లేపుతుంది. భుజంతో గుద్ది రైడర్‌ను గీత బయటికి పంపే డాష్‌నే తీసుకోండి. మాకు చదివి వినిపించిన పాత నియమంలో కావాలని గీత బయటికి నెట్టడం తప్పు, నెట్టినవాడే అవుటు. టీవీ ఆటలో డాష్‌కు పాయింటు వస్తుంది, చప్పట్లు కూడా వస్తాయి. మన గ్రౌండులో గీత దాటిన రెండడుగుల్లో కంచె రాయి ఉంది. ఇక్కడ పాత నియమమే నడవాలని మా గట్టి అభిప్రాయం. అయితే ఏ నియమం నడుస్తుందో టాస్ వెయ్యకముందే రెండు జట్లనూ నిలబెట్టి చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుందో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రపంచమంతా చూసింది. 2023 అక్టోబరు 7న భారత్, ఇరాన్ పురుషుల కబడ్డీ ఫైనల్. స్కోరు 28-28. ఆ తర్వాత తెలుగు టైటాన్స్‌కు ఆడిన పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగు పెట్టాడు. అతన్ని ఆపబోయి ఇరాన్ ఆటగాళ్లు కూడా లాబీలోకి వచ్చారు. ఒక నియమం ప్రకారం రైడర్ ఒక్కడే అవుటు, ఇంకో నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్లూ అవుటే. ఏది వర్తిస్తుందో తేలక ఆట గంటసేపు ఆగిపోయింది, ఆటగాళ్లు బరిలోనే కూర్చున్నారు. చివరికి 33-29తో మనవాళ్లు గెలిచారు, సంతోషమే. కానీ ఆసియా ఫైనల్లోనే నియమం మీద రెండు మాటలు ఉంటే, ఒకే విజిల్‌తో నడిచే మన హాస్టల్ మ్యాచ్ మాటేమిటి?

ఒకే విజిల్ అన్నాం గదా, అసలు నియమం ప్రకారం కబడ్డీ మ్యాచ్‌కు ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు, మొత్తం ఆరుగురు ఉండాలి. మన దగ్గర ఒక్కడే రెఫరీ, వాడే స్కోరరు, కొన్నిసార్లు మంచినీళ్లు అందించేదీ వాడే. ఏడుగురు మీద పడినప్పుడు అడుగున ఎవరి చెయ్యి ఎవరి గొంతు మీద ఉందో ఒక్కడికి కనపడదు. కనపడనిదానికి ఊదకూడదు కూడా. అందుకే విజిల్ తర్వాతి తాకిడి మీద మేము ఇంత పట్టుబడుతున్నాం. అది అందరికీ కనపడుతుంది, ఒక్కడైనా పట్టుకోగలడు.

చివరిగా ఒక మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాం. మన హాస్టల్ పిల్లలు బయటి పోటీలకు వెళ్లినప్పుడు ఒక పేరు ముందే వెళ్లి కూర్చుంటుంది: "హాస్టలోళ్లు, మొరటోళ్లు." ఒక డివిజన్ పోటీలో మా జట్టు కుర్రవాడు తొడ పట్టి రైడర్‌ను పడేశాడు. శుద్ధమైన పట్టు. విజిల్ మోగింది, హెచ్చరిక పడింది. "మీ రౌడీతనం ఇక్కడ కాదు" అన్నారు. అదే మ్యాచ్‌లో అవతలి జట్టు కుర్రవాడు విజిల్ తర్వాత మావాడి వేళ్లు తొక్కితే "పిల్లలాటలో మామూలే" అన్నారు. ఆ ఊరి పేరు, బడి పేరు అవసరం లేదు. అలాంటి చోట్లు మీకూ తెలుసు. ఒకడి గట్టి పట్టు ఆటగానూ, ఇంకొకడి గట్టి పట్టు రౌడీతనంగానూ ఎందుకు కనిపిస్తుందో కూడా మీకు తెలుసు. తాకిడి ఎంత గట్టిది అనేదాన్ని బట్టి శిక్ష వేస్తే ఈ చూపుకు చోటు దొరుకుతుంది. గట్టిదనం చూసేవాడి కంటిని బట్టి మారుతుంది. కూత ఉందా ఆగిందా, విజిల్ ముందా తర్వాతా, పట్టింది కాలా జుట్టా అనేవి అలా మారవు. అందుకే శిక్షకు కొలత బలం కాకూడదు, సమయమూ చోటూ కావాలి అంటున్నాం. రేపు మన పిల్లల్లోంచి వ్యాయామోపాధ్యాయులు, రెఫరీలు తయారవుతారు. అవతలి జట్టులో ఎవరి పిల్లలున్నా వాళ్లు కూడా ఇదే కొలతతో ఊదాలి. పాత లెక్క తీర్చుకుందామని మనవాళ్ల వైపు ఊదితే మేము ఒప్పుకోం.

పసుపు కార్డు చూపిస్తే జట్టు 2 నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి, ఒకడి తప్పుకు ఆరుగురిని శిక్షించడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. అడగదగిన ప్రశ్నే. మా జవాబు ఇంతే. ఆ రోజు ఆత్మకూరు పిల్లవాడి మీద మోకాలు పడకముందు మేము ఆరుగురం పక్కనే నిలబడి ఉన్నాం. ఒక్కడమైనా వాడి చొక్కా పట్టి వెనక్కి లాగి ఉండొచ్చు.

ఈ ఏడు మ్యాచ్‌కు ఇద్దరు సైడ్ అంపైర్లను పెడుతున్నాం. ఉదయగిరి వైపు గీత దగ్గర ఆత్మకూరు పాత విద్యార్థి ఒకరు, ఆత్మకూరు వైపు మావాడు ఒకడు నిలబడతారు. అప్పుడు కాలర్ ఎముక విరిగిన ఆయనను పిలిచాం, వస్తానన్నాడు. నోట్‌బుక్కు అట్టలతో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు కత్తిరించి మేమే తెస్తాం. తమ్ముళ్లు గోళ్లు మాత్రం ఎవరివి వాళ్లే కత్తిరించుకుని రావాలి. కొబ్బరినూనె డబ్బా ఆ రోజంతా వార్డెన్ సారు గదిలో ఉంటుంది.